షేన్ మెక్‌గవన్ నివాళి రాత్రి, నా ఫిడేలు

2023 నవంబరు 23, గురువారం. ఐర్లండ్‌లో నేనుండే డబ్లిన్ నడిబొడ్డున బస్సు తగలబడుతున్న వీడియో విజయనగరంలో ఉన్న మా అమ్మకి నాకంటే ముందే చేరింది. నేనింకా ఆఫీసులోనే ఉన్నాను. "ఇంటికెళ్లావా? తలుపు గడియ పెట్టుకున్నావా?" అని వరసగా ఫోన్లు. ఆ మధ్యాహ్నం పార్నెల్ స్క్వేర్ దగ్గర బడి బయట చిన్నపిల్లల మీద కత్తితో దాడి జరిగింది. చీకటి పడేసరికి అది వలస వచ్చినవాళ్ల మీద కోపంగా మారింది. బస్సులు, ఒక ట్రామ్, పోలీసు కార్లు కాలిపోయాయి. దుకాణాలు దోచుకున్నారు. ఆ తర్వాత వారమంతా నేను ఆఫీసు అయ్యాక తిన్నగా ఇంటికే వెళ్లాను. బస్సులో ఫోన్ వస్తే తెలుగులో మాట్లాడటానికి కూడా గొంతు తగ్గించేదాన్ని.

సరిగ్గా వారానికి, 30వ తేదీన, షేన్ మెక్‌గవన్ చనిపోయాడు. ఆఫీసులో నా పక్క సీటావిడ ఫోన్ చూసుకుని ఏడ్చేసింది. సొంత మనిషి ఎవరో పోయారనుకున్నాను. ఆయన పేరు చెప్తే నాకు తెలియలేదు. "ఫెయిరీటేల్ ఆఫ్ న్యూయార్క్" పాడినాయన అంటే గుర్తుపట్టాను. నవంబరు చివరి నుంచి ఇక్కడ ఏ షాపుకెళ్లినా వినిపించే పాట అది.

డిసెంబరు 8న అంతిమయాత్ర. అద్దాల గుర్రపు బండిలో, ఐర్లండ్ జెండా కప్పిన పెట్టెని డబ్లిన్ వీధుల్లోంచి తీసుకెళ్లారు. ఆ పక్క సీటావిడ వస్తావా అంటే లంచ్ టైములో కోటు వేసుకుని వెంట వెళ్లాను. రెండు పక్కలా జనం. బండి దగ్గరికి వస్తుంటే ఒకచోట ఎవరో పాట అందుకున్నారు, అది మా వరకూ పాకింది. నా ముందు ఒకాయన కూతుర్ని భుజాల మీద ఎక్కించుకుని పాడుతున్నాడు. పక్కనున్న ముసలావిడ నాకు చోటివ్వడానికి చెయ్యి పట్టుకుని ముందుకి లాగింది, బండి దాటిపోయేదాకా ఆ చెయ్యి వదల్లేదు. రెండు వారాలుగా గుండెల్లో ఉన్న బిగువు ఆ కాసేపు సడలింది. అదే రోజు టిప్పరేరీ జిల్లా నీనా ఊళ్లో చర్చిలో సంస్కారం జరిగింది. నిక్ కేవ్ "ఎ రెయినీ నైట్ ఇన్ సోహో" పాడాడు. "ఫెయిరీటేల్" పాడుతుంటే ఇంట్లోవాళ్లు లేచి చర్చిలోనే డాన్స్ చేశారు. ఆ రాత్రి వీడియోలు చూస్తూ కూర్చున్నాను. చావుకి ఇలా పాడి పంపిస్తారా అని అడిగింది అమ్మ. మనవైపు డప్పులతో తీసుకెళ్లరా అన్నాను.

ఆయన గురించి చదవడం మొదలుపెట్టింది అప్పుడే. 1957 డిసెంబరు 25న, క్రిస్మస్ రోజున, ఇంగ్లండ్‌లో కెంట్ కౌంటీలో పుట్టాడు. అమ్మానాన్నలు ఐర్లండ్ వాళ్లు. పసితనం కొంతకాలం టిప్పరేరీ పల్లెలో అమ్మవైపు చుట్టాల ఇంట్లో గడిచింది. పాటల మీద ప్రేమ అక్కడే మొదలైంది. తర్వాత మళ్లీ ఇంగ్లండ్. కుర్రతనంలో లండన్ పంక్ రాక్ గోలలో తిరిగాడు. 1982లో కింగ్స్ క్రాస్ ప్రాంతంలో స్నేహితులతో కలిసి పోగ్స్ బ్యాండ్ పెట్టాడు. అమ్మమ్మల నాటి ఐరిష్ బాణీల్ని పంక్ వేగంతో, పంక్ కోపంతో పాడటం వాళ్ల పద్ధతి. మొదట్లో లండన్‌లోని పెద్దవాళ్లు కొందరికి ఇది అపచారంలా తోచిందట. కానీ కూలిపనులకీ నర్సు పనులకీ సముద్రం దాటి వచ్చినవాళ్ల పిల్లలకి, ఇంట్లో ఒక యాస, బయట ఒక యాస మాట్లాడే పిల్లలకి, అది వాళ్ల సొంత గొంతులా వినబడింది. నేను ఆయన పాటల్లో పడిపోవడానికి కారణం కూడా అదే.

నా సంగతి కొంచెం చెప్పాలి. నేను పన్నెండేళ్లు ఫిడేలు నేర్చుకున్నాను. వయొలిన్ అని పుస్తకాల్లో రాస్తాం గానీ విజయనగరంలో దాన్ని ఫిడేలనే అంటారు. 1919లో మొదలైన మా ఊరి సంగీత కళాశాలకి ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న ద్వారం వెంకటస్వామి నాయుడు గారిని జనం ఫిడేలు నాయుడు గారనే పిలుచుకున్నారు. ఇక్కడ ఐరిష్ సంగీతం వాయించేవాళ్లు కూడా వయొలిన్ అనరు, ఫిడిల్ అంటారు. మొదటిసారి ఆ మాట వాళ్ల నోట విన్నప్పుడు మా వీధిలో ఎవరో పిలిచినట్టనిపించింది. ఇంజనీరింగ్, ఉద్యోగం, వీసా వీటి మధ్య నా ఫిడేలు ఎనిమిదేళ్లు బీరువా మీదే ఉండిపోయింది. 2024 ఫిబ్రవరిలో ఇంటికెళ్లినప్పుడు దాన్ని దింపి తెచ్చుకున్నాను.

తేవడమే ఒక గొడవ. విమానంలో చేతిసామానుగా ఒప్పుకుంటామని ముందు చెప్పి, ఎక్కేటప్పుడు కాదన్నారు. కింద లగేజీలో వేశారు. డబ్లిన్‌లో పెట్టె తెరిస్తే తీగల్ని మోసే బ్రిడ్జ్ పడిపోయి ఉంది, లోపల నిలబెట్టే చిన్న పుల్ల ఊడి డొల్లలో గలగలమంటోంది. ఇక్కడ ఫిడేళ్లు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్తే వంకర ఇనప కడ్డీ ఒకటి ఎఫ్ ఆకారపు రంధ్రంలోంచి లోపలికి పెట్టి, కన్ను దగ్గరగా ఆనించి, ఆ పుల్లని ఓపిగ్గా నిలబెట్టాడు. ఇంటికొచ్చి ఇక్కడి పద్ధతిలో శ్రుతి చేయబోయాను. మనం నాలుగు తీగల్నీ షడ్జమ పంచమాలకి, అంటే స, ప, స, ప అని కడతాం, బాగా కిందకి దించి కడతాం. వీళ్లవి జి, డి, ఎ, ఇ. సన్నతీగని ఇ దాకా బిగిస్తుంటే టప్పున తెగి చెంపకి తగిలింది. సన్నటి ఎర్రగీత రెండు రోజులుంది. విజయనగరంలో కట్టించుకున్న తీగ అది. తెగిన ముక్కని చుట్టచుట్టి పెట్టెలో దాచుకున్నాను. కొత్త సెట్ కొన్నాను.

ఇక్కడ పబ్బుల్లో సెషన్లు జరుగుతాయి. స్టేజీ ఉండదు, మైకు ఉండదు. ఒక మూల బల్ల చుట్టూ ఫిడిల్, విజిల్, బాంజో, కాన్సర్టీనా పట్టుకున్నవాళ్లు కూర్చుని వాయిస్తారు. కాగితం చూసి వాయించేవాళ్లు దాదాపు ఉండరు. ఒక ట్యూన్ రెండు మూడుసార్లు తిప్పి, ఆపకుండా ఇంకో ట్యూన్‌లోకి దూకుతారు. తెలియని ట్యూన్ వస్తే వాద్యం ఒళ్లో పెట్టుకుని వినాలి. అడగకుండా బల్ల దగ్గర కూర్చోకూడదు. మంగళవారాలు కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం నెమ్మదిగా వాయించే సెషన్ ఒకటుందని ఆఫీసావిడ చెప్పింది. నాలుగు వారాలు వెళ్లి వెనక కుర్చీలో వినడమే చేశాను. ఐదో వారం బాంజో వాయించే పెద్దాయన పెట్టె వైపు చూపించి, దాన్లో ఏముందో ఇవాళైనా చూపిస్తావా అని అడిగారు.

స్వరాలు అంత కొత్తగా అనిపించలేదు. ఆ ట్యూన్లు చాలావరకు మన శంకరాభరణం, హరికాంభోజి, ఖరహరప్రియ స్వరాల్లోనే నడుస్తాయి. ముత్తుస్వామి దీక్షితుల నోటుస్వరాలు చిన్నప్పుడు వాయించినదాన్ని. ఈస్టిండియా కంపెనీ కాలంలో విన్న దొరల బాణీలకి ఆయన కట్టిన సాహిత్యాలవి. జిగ్ అనే డాన్స్ బాణీ నడక చేతికి తిశ్రంలా, మూడు మూడు లెక్కలో, తగిలింది. కష్టమంతా శరీరానిది. మనం బాసింపట్టు వేసుకుని, ఫిడేలు తల కుడికాలి చీలమండ మీద ఆనించి వాయిస్తాం. ఎడమచెయ్యి తీగ మీద జారడానికి పూర్తి స్వేచ్ఛ ఉంటుంది. ఇక్కడ కుర్చీలో కూర్చుని గడ్డం కింద పెట్టుకోవాలి. మొదటి నెల మెడ పట్టేసి పక్కకి తిరగలేకపోయాను. కమాను సంగతి ఇంకొకటి. ఒక్క కమానులో ఎనిమిది స్వరాలు లాగే అలవాటు నాది. వీళ్లది పొట్టి కమాను, ఎక్కడ ఒత్తాలో అక్కడ ఒత్తి వెనక్కి తిప్పేయాలి. ఆ ఒత్తుళ్లకే అడుగులు కదులుతాయి. కట్, రోల్ అని వీళ్లు చేసే చిన్న అలంకారాలు మన గమకాల్లో, అంటే స్వరాన్ని ఊపే తీరుల్లో, స్ఫురితానికి దగ్గరివి. అవి మాత్రం త్వరగా పట్టుబడ్డాయి.

సెప్టెంబరులో ఆ పెద్దాయనే చెప్పారు. నవంబరు 30 శనివారం పడుతోంది, షేన్ పోయి ఏడాది, పబ్ మేడ మీద గదిలో ఆయన పాటలు పాడదాం, వచ్చిన డబ్బు ఇల్లులేనివాళ్లకి భోజనాలు పెట్టేవాళ్లకి ఇద్దాం అని. పెద్ద ఎత్తున చేసేవి ఎలాగూ ఉన్నాయి. ఆ డిసెంబరులో త్రీ అరీనా అనే పెద్ద హాల్లో పోగ్స్‌లో మిగిలినవాళ్లే వాయించబోతున్నారు. షేన్ బతికుండగా, 2018 జనవరిలో, ఆయన అరవయ్యో పుట్టినరోజుకి నేషనల్ కన్సర్ట్ హాల్లో జరిగిన కచేరీలో బోనో, షినేడ్ ఓకానర్, నిక్ కేవ్ పాడారు. అప్పటి ఐర్లండ్ అధ్యక్షుడు మైకేల్ హిగిన్స్ వచ్చి సత్కారం చేశాడు. అంతకుముందే పడి నడుము దగ్గర ఎముక విరగడంతో చక్రాల కుర్చీలో ఉన్న షేన్, చివర్లో నిక్ కేవ్‌తో కలిసి పాడాడు. మాది ఎనభైమంది పట్టే గది.

నువ్వూ రా అన్నారు పెద్దాయన. అయితే ఒక చిక్కు. పోగ్స్ తొలి బ్యాండ్‌లో ఫిడిల్ లేదు. స్పైడర్ స్టేసీ టిన్ విజిల్, జెమ్ ఫైనర్ బాంజో, జేమ్స్ ఫెర్న్లీ అకార్డియన్, కేట్ ఓరియర్డన్ బేస్, ఆండ్రూ రాంకెన్ డ్రమ్స్. నేను ఏ వరస వాయించాలి? విజిల్‌కి మా దగ్గర పదహారేళ్ల కుర్రాడున్నాడు. స్పైడర్ స్టేసీ బీరు ట్రేతో తల మీద కొట్టుకుంటూ తాళం వేసేవాడని తెలుసుకుని, వాడు ఇంట్లో టీ ట్రేతో ప్రాక్టీసు చేసి నుదురు వాచిపోయి వచ్చాడు. అకార్డియన్‌కి బడిపంతులమ్మ ఉన్నారు. నీ చోటు ఏదో నువ్వే వెతుక్కో అన్నారు పెద్దాయన. పద్నాలుగు పాటల జాబితా కాగితం చేతికిచ్చారు.

అందులో "థౌజండ్స్ ఆర్ సెయిలింగ్" ఒకటి. అది షేన్ రాసింది కాదు, బ్యాండ్‌లో గిటారు వాయించిన ఫిలిప్ షెవ్రాన్ రాశాడు, ఆయన 2013లో పోయాడు. అమెరికాకి ఓడలెక్కిన ఐరిష్‌వాళ్ల పాట. 1845 నుంచి 1852 వరకూ బంగాళాదుంప పంట కుళ్లిపోయి వచ్చిన కరువులో దాదాపు పది లక్షలమంది చనిపోయారు, ఇంకో పది లక్షలమంది దేశం విడిచి వెళ్లారు. నేను ఆఫీసుకి నడిచే దారిలో, కస్టమ్ హౌస్ రేవు మీద, వాళ్ల కంచు విగ్రహాలుంటాయి. బక్కచిక్కిన మనుషులు మూటలు పట్టుకుని నది ఒడ్డున నడుస్తుంటారు. ఒకాయన భుజాల మీద బిడ్డ, తల వేలాడిపోయి. వెనకాల ఎముకలు తేలిన కుక్క. మూడేళ్లుగా రోజూ పొద్దున్న కాఫీ చేత్తో పట్టుకుని వాళ్ల పక్క నుంచి నడిచాను. ఆ పాట నేర్చుకోవడం మొదలుపెట్టాక మొదటిసారి ఆగి, ఒక్కొక్క ముఖం చూశాను. అల్లర్ల రాత్రి బస్సు కాలిన చోటికీ ఈ విగ్రహాలకీ మధ్య పది నిమిషాల నడక. ఆ సంగతి నన్ను చాలా రోజులు వదల్లేదు.

మొదటి రిహార్సల్లో నేను తప్పు చేశాను. "ఎ పెయిర్ ఆఫ్ బ్రౌన్ ఐస్" పాట పెద్దాయనే పాడతారు. ఆయన పాడుతుంటే నేను సందు దొరికిన ప్రతిచోటా గమకం పెట్టాను, చివర చిన్న ఆలాపనలాంటిది కూడా చేశాను. గదిలో వాళ్లు మెచ్చుకున్నారు కూడా. పెద్దాయన మాత్రం బాంజో కింద పెట్టి, చాలా బాగుందమ్మాయ్, కానీ నేను పాడుతున్నది ఎవరి గురించో నీకు వినబడిందా అని అడిగారు. కోపంగా అనలేదు. నిజంగానే అడిగారు. నాకు వినబడలేదు. నేను స్వరాలు విన్నాను.

ఆ ఆదివారం నాకు ఫిడేలు నేర్పిన మాస్టారికి వాట్సాప్‌లో పాట పంపించి ఫోన్ చేశాను. ఆయనకి డెబ్బై ఆరేళ్లు, ఇప్పటికీ పొద్దున్నే పిల్లలకి పాఠాలు చెప్తారు.

"ఈయనేంటమ్మా, ఇంత బొంగురుగా పాడుతున్నాడు?"

"ఆయన గొంతే అంత, మాస్టారూ."

"గొంతు మాటకేం గానీ, నిజం చెప్తున్నట్టున్నాడు. ఏం చెప్తున్నాడు? అర్థం చెప్పు."

నేను నీళ్లు నమిలాను. తాగి పాడుకునే పాట, యుద్ధం గురించి కూడా ఏదో ఉంది అన్నాను.

"సాహిత్యం తెలియకుండా 'ఎందరో మహానుభావులు' వాయించనిచ్చానా నిన్ను? పాడేవాడు ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో, ఏ మాట దగ్గర ఆగుతాడో తెలియాలంటే మాట తెలియాలి కదా. పక్కవాద్యానికి కూర్చునేదానివి. ముందు ఆ మాటలు రాసుకో. రాసుకుని నాకు ఫోన్ చెయ్."

రాసుకున్నాను. ఒక కుర్రాడు పబ్‌లో తాగి కూర్చుంటాడు. పక్కన ఒక ముసలి సైనికుడు తన యుద్ధం చెప్పడం మొదలుపెడతాడు: తెగిపడిన కాళ్లు చేతులు, ప్రాణం పోతుందనుకున్నప్పుడు గుర్తొచ్చిన గోధుమరంగు కళ్లు. ఇల్లు చేరేసరికి ఆ కళ్లు తనకోసం లేవు. కుర్రాడికి వినాలని లేదు, అసహ్యించుకుంటాడు, లేచి బయటికెళ్లిపోతాడు. బయటికెళ్లాక వాడికీ గుర్తొచ్చేవి అలాంటి కళ్లే. షేన్ ఈ పాట రాసినప్పటికి ముప్పై ఏళ్లు నిండలేదు. ఎవరూ వినని ముసలాయన గోడుని, అది వినలేని కుర్రాడి నోటితోనే చెప్పించాడు.

రాస్తుంటే మా ముత్తాత గుర్తొచ్చారు. నేను చూడలేదు. మావైపు జిల్లాల నుంచి వేలమంది రంగూన్ వెళ్లేవారు, మా ఊళ్లో దాన్ని రంగం అంటారు. బియ్యం మిల్లుల్లో, ఓడరేవులో కూలిపనులు. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు అడవుల్లోంచి, కొండల్లోంచి నడిచి ఇళ్లకి చేరారు. దారిలో పోయినవాళ్లు పోయారు. ముత్తాత వచ్చారు, తమ్ముడు రాలేదు. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని ఆ నడక గురించే చెప్పేవారట, ఆ మాట మొదలుపెట్టగానే పిల్లలు లేచి పారిపోయేవారట. నవ్వుతూ చెప్పేది మా నానమ్మ. ఆయన ఏం చెప్పేవారో ఇప్పుడు మా ఇంట్లో ఎవరికీ పూర్తిగా తెలియదు. రేకుపెట్టె ఒకటి మిగిలింది. ఆ నడక మీద ఒక పాట కూడా లేదు.

మాస్టారికి ఫోన్ చేసి అర్థం చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. "అయితే శ్రుతి వెయ్యమ్మా. చాలు," అన్నారు.

తర్వాతి రిహార్సల్లో నేను మొదటి చరణం మొత్తం డి తీగ ఒక్కటే, కమాను తిరిగే చోటు తెలియకుండా, పొడుగ్గా లాగుతూ కూర్చున్నాను. మనకి తంబూరా చేసే పని. ఐరిష్ పైపుల్లో కూడా పాట కింద ఆగకుండా మోగే డ్రోన్ ఉంటుంది. మా దగ్గర పైపులు వాయించేవాళ్లు లేరు. పెద్దాయన పాడుతూ పాడుతూ నావైపు ఒకసారి చూసి, వేగం కొంచెం తగ్గించారు. పాట అయ్యాక నా చోటు దొరికిందన్నారు. 1985లో ఆయన లండన్‌లో కట్టడం పనుల్లో ఉండేవారట. ఆదివారాలు ఫోన్ బూత్ ముందు లైన్లో నిలబడి ఇంటికి మాట్లాడేవారు. అమ్మకి చెప్పలేనివన్నీ ఆ రాత్రి పోగ్స్ పాటల్లో అరిచేవాళ్లమన్నారు.

"ఫెయిరీటేల్" దగ్గర పెద్ద చర్చే జరిగింది. 1987లో వచ్చిన ఆ పాటని షేన్, కర్స్టీ మకాల్ కలిసి పాడారు. క్రిస్మస్ ముందురాత్రి న్యూయార్క్ లాకప్‌లో పడి ఉన్న వలసవచ్చిన తాగుబోతు, ఆయన ప్రేమించిన మనిషి, కలలు చెడిపోయాక ఇద్దరి తిట్లు. ఆ తిట్లలో స్వలింగ సంపర్కుల్ని కించపరిచే మాట ఒకటుంది. పాడే పంతులమ్మ నేను అనను అన్నారు. ఒకాయన రాసింది రాసినట్టు పాడాలన్నాడు. ఆ పాత్ర మంచి మనిషి కాదు, ఆ మనిషి అలాగే మాట్లాడుతుంది, కావాలంటే ఆ మాట దాటేసినా నాకు అభ్యంతరం లేదు అని షేనే 2018లో చెప్పాడు. కర్స్టీ మకాల్ కూడా 1992లో టీవీలో పాడినప్పుడు ఆ మాట మార్చేసింది. ఆవిడ 2000 డిసెంబరులో మెక్సికో సముద్రంలో పిల్లలతో డైవింగ్ చేసి పైకి వస్తుండగా మోటారు బోటు తగిలి చనిపోయింది. కొడుకుని పక్కకి తోసి కాపాడింది. ఆవిడ పాడినట్టే పాడదాం అన్నారు పంతులమ్మ. అందరూ ఒప్పుకున్నారు. నాకూ అదే సరైనదనిపించింది. ఆ గదిలో ఆ మాటని జీవితంలో నిజంగా పడ్డవాళ్లు కూర్చుని ఉంటారు.

నవంబరు 30 సాయంత్రం ఐదుకి సౌండ్ చెక్. ఫిడేలుకి తగిలించిన మైకు కూత పెట్టింది. ఎంత తిప్పినా ఆగలేదు. చివరికి దాన్ని తీసేసి, నా ముందు మామూలు మైకు నిలబెట్టి, అడుగు దూరంలో కూర్చోమన్నారు. గది చల్లగా ఉన్నప్పుడు శ్రుతి చేశాను. జనం నిండి వేడెక్కేసరికి తీగలు దిగిపోయాయి. టెన్షన్‌తో బిరడాలు తిప్పుతుంటే విజిల్ కుర్రాడు వచ్చి, నిదానంగా చేసుకో అక్కా అన్నట్టు, తన విజిల్‌తో డి ఒకటే స్వరం నా చెవి దగ్గర ఊదుతూ నిలబడ్డాడు. శ్రుతి కలిసేదాకా కదల్లేదు.

జోరు పాటలతో మొదలుపెట్టారు. "శాలీ మక్లెనన్" వచ్చేసరికి గది నేల ఊగింది. కుర్రాడు ట్రే తీసి తలకి బాదుకుంటే పైకప్పు ఎగిరిపోయేలా కేకలు. ఆ పాటల్లో నేను అకార్డియన్ వెంట పరిగెత్తాను, సగం స్వరాలు అందాయి, సగం అందలేదు. "డర్టీ ఓల్డ్ టౌన్" జనమే పాడారు. అది యూవన్ మకాల్ రాసిన పాట, కర్స్టీ మకాల్ తండ్రి ఆయన. ఇంగ్లండ్‌లో సాల్ఫర్డ్ గురించి రాశాడు. డబ్లిన్‌వాళ్లు దాన్ని తమ ఊరి పాటలాగే పాడుకుంటారు.

ఎనిమిదో పాట "బ్రౌన్ ఐస్". పెద్దాయన కుర్చీలో ముందుకి వంగి, నాకు తల ఊపారు. డి తీగ అందుకున్నాను. గోల ఇంకా పూర్తిగా ఆగలేదు. బార్ దగ్గర గ్లాసుల చప్పుడు, ఎవరో నవ్వుతున్నారు. ఆయన మొదటి మాట అన్నారు. నేను ఆయన నోటినే చూస్తున్నాను. ఊపిరి తీసుకునేముందు ఎడమ కనుబొమ్మ కొంచెం లేస్తుంది, రిహార్సల్స్‌లో నేర్చుకున్న గుర్తు అది. అక్కడ కమాను ఒత్తిడి తగ్గించాలి. యుద్ధం చరణం వచ్చేసరికి గది నిశ్శబ్దమైపోయింది. కిటికీ పక్కన నిలబడ్డ ఒక పెద్దమనిషి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. రెండో చరణం తర్వాత నాకు ఎనిమిది ఆవర్తనాల చోటిచ్చారు. బాణీ ఉన్నది ఉన్నట్టు వాయించాను. చివరి స్వరం దగ్గర మాత్రం చెయ్యి తనంతట తాను కొంచెం జారింది, చిన్న గమకం. భయపడి పెద్దాయన వైపు చూశాను. కళ్లు మూసుకుని ఉన్నారు, మళ్లీ పాట అందుకున్నారు. ఆ సమయంలో నా మనసులో ఉన్నది షేన్ కాదు. అరుగు మీద ఒంటరిగా కూర్చున్న మనిషి.

"ఫెయిరీటేల్" చివర్లో రికార్డులో వయొలిన్ల గుంపు వాయించే వరస ఉంటుంది. అక్కడ నా ఒక్క ఫిడేలే. జనం చేతులు ఒకరి భుజాల మీద ఒకరు వేసుకుని ఊగుతున్నారు. ముందు వరసలో మా ఆఫీసావిడ, పక్కన మా రూమ్మేట్ గుంటూరమ్మాయి, మధ్యలో ఎవరో తెలియని ముసలాయన, ముగ్గురూ ఒకే ఊపు. చివరికి "ద పార్టింగ్ గ్లాస్", వీడ్కోలు పాట, వాద్యాలేవీ లేకుండా అందరూ నిలబడి పాడారు. ఆ పాట మాటలు నాకు కంఠస్థం వచ్చు. నేనూ గొంతు కలిపాను.

డబ్బాలో డబ్బు లెక్కపెడుతుంటే నేను కింద కూర్చుని కమాను సడలించి, తీగల మీద పేరుకున్న రోజనం పొడి తుడుచుకున్నాను. పెద్దాయన వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నారు. ఆ చివర్లో చేసిందేమిటి అని అడిగారు. తప్పయిందా అన్నాను. కాదు, దాన్ని ఏమంటారు మీ భాషలో అన్నారు. గమకం అన్నాను. రెండుసార్లు పలికి చూసుకున్నారు. ఆ స్వరం ఒక్కచోట ఉండనివ్వు, మిగతాచోట్ల వద్దు అన్నారు.

ఆదివారం పొద్దున్న మాస్టారికి వీడియో పంపి, మన శ్రుతికి మార్చుకుందామని ఫిడేలు ఒళ్లోకి తీసుకున్నాను. భైరవి వర్ణం వాయించి చాలా రోజులైంది. సన్నతీగ బిరడా పట్టుకుని దించబోతూ ఆగాను. మంగళవారం ఏడింటికి సెషన్ ఉంది. కొత్త జిగ్ ఒకటి నేర్పుతామన్నారు. మాస్టారి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఫిడేలు అలాగే ఇ శ్రుతిలో గోడకి ఆనించి ఫోన్ ఎత్తాను.